రత్న చూసొచ్చిన చార్మినార్

మా మనవరాలు మైత్రి సోఫాలో కాళ్ళు ముడుచుకొని కూర్చొని, ఫోన్లో హైదరాబాదు హోటళ్ళు వెతుకుతూ, "అవ్వా, సిటీ నడిమధ్యలో రూముల రేట్లు చూస్తే కళ్ళు తిరుగుతాండాయి. ఊరి బయట ఎల్బీనగర్ పక్క తీసుకుందాం. పొద్దున టిఫిన్ వాళ్ళే పెడతారు. మెట్రో ఎక్కితే చాలు, సిటీలో దిగుతాం. రూము ఉండేది పడుకునేదానికే కదా" అన్నప్పుడు నేను వొలుస్తున్న చిక్కుడుకాయ చేతిలోనే ఆగిపోయింది. ఇదేదో తానే కనిపెట్టినట్టు చెబుతోంది పిల్ల! ఈ తెలివి దీని ఫోను పుట్టకముందే మా చిన్నాయనకు ఉండింది. "కండ్లు మూసుకున్నాక ఏ ఊరైనా ఒకటే, దానికి సిటీలో రూమెందుకు?" అని మా ఇంటి అరుగు మీద కూర్చొని ఆయన అన్న మాట నాకు ఇంకా చెవిలోనే ఉంది. ఆ మాటతో పాటే కడుపులో కుళ్ళు కూడా ఉంది. చిన్నాయన కూతురు రత్న ఆ ట్రిప్పుకు పోయింది, నేను పోలేదు. ఇంత చిన్నదానికి ఇన్నేళ్ళు కుళ్ళుకుంటారా ఎవరైనా అని మా ఆయన బతికున్నప్పుడు నవ్వేవాడు. ఎవరి సంగతో నాకెందుకు, నేను కుళ్ళుకున్నాను.

మాది కడప జిల్లాలో పెన్న పక్కన మగ్గాల ఊరు. నాయన, చిన్నాయన ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు. నడవలో ఎదురుబొదురుగా రెండు గుంత మగ్గాలు. పొద్దున కళ్ళు తెరవకముందే ఆ రెండింటి చప్పుడు చెవిలో పడేది. ఒకటి ఆగితే నాయన నీళ్ళు తాగుతున్నాడని, రెండూ ఆగితే ఎవరో వచ్చినారని పడుకున్న చోటి నుంచే చెప్పేసేవాళ్ళం. ఇల్లంతా పడుగుకు, అంటే మగ్గం మీది నిలువు పోగులకు, పట్టించిన గంజి వాసన. పుల్లగా, కొంచెం మాగినట్టుగా ఉండే ఆ వాసన మా జడల్లో, బళ్ళో పుస్తకాల్లో కూడా ఉండేది. నాకు, రత్నకు నెలలే తేడా. అయినా అది నన్ను అక్కా అనే పిలిచేది. ఒకే కంచంలో తిన్నాం, ఒకే రాట్నం దగ్గర కూర్చొని కండెలు చుట్టినాం. దానికి కొత్త రిబ్బను కొంటే నాకు జ్వరం వచ్చేదని మా అమ్మ చెప్పేది. అబద్ధం కాకపోవచ్చు.

చిన్నాయనకు కాలు నిలిచేది కాదు. మా నాయన మగ్గం గుంతలో దిగితే మధ్యాహ్నం సంగటికి గానీ లేచేవాడు కాదు. చిన్నాయన మాత్రం చీరల మూట భుజాన వేసుకొని రాయచోటికి, బనగానపల్లెకు పోయి అమ్ముకొచ్చేవాడు. వచ్చినప్పుడల్లా ఏదో ఒక ఊరి ముచ్చట తెచ్చేవాడు. ఒక ఎండాకాలం ఆయన తెచ్చిన ముచ్చట హైదరాబాదు. ఇంక ఆ నెలంతా ఇంట్లో వేరే మాట లేదు. రాత్రి తిన్నాక అరుగు మీద లాంతరు పెట్టుకొని, బొగ్గు ముక్కతో బండ మీద సిటీ గీసేవాడు. "ఇదో, ఇది మూసీ. ఈడ చార్మినారు. ఈడ జూ. గోల్కొండ ఆ మూల. మన లాడ్జి ఈడ, ఊరి బయట, కర్నూలు రోడ్డు మీద. ఆడైతే అగ్గువ. పొద్దున లేచి సిటీ బస్సెక్కితే నేరుగా పోతాం." తిండికి ఖర్చు లేదు, రొట్టెలు, చెనిక్కాయల కారం, బొరుగులు ఇంటి నుంచే. దారి ఖర్చులకు ఒక మూట చీరలు వెంట తీసుకుపోయి సిటీలో అంగడికి వేస్తాడు. "మనం చీరల్ని మోస్తే చీరలు మనల్ని మోస్తాయి" అనేవాడు, తన తెలివికి తానే మురిసిపోతూ. పొద్దున్నే మా అవ్వ, నాయన వాళ్ళ అమ్మ, ఆ బండ కడిగేసేది. రాత్రికి మళ్ళీ గీసేవాడు. ఆ బొగ్గు గీతలు నాకు ఎంత బాగా వచ్చేసినాయంటే, కళ్ళు మూసుకొని లాడ్జి నుంచి చార్మినార్ దాకా వేలు పెట్టి నడవగలిగేదాన్ని.

తీరా బయల్దేరే ముందు కొత్త పడుగు వచ్చి పడింది. ఎవరిదో పెద్దింటి పెళ్ళి, తప్పని పని. మగ్గం మీద పాత పడుగు అయిపోతే, కొత్త పడుగులోని పోగులు ఒక్కొక్కటిగా పాత పోగుల కొసలకు మెలిపెట్టి అతకాలి. అచ్చు అతకడం అంటారు. వేళ్ళకు బూడిద అద్దుకొని, రెండు పోగులు కలిపి ఒక్క నలుపు నలిపితే ముడి లేకుండా కలిసిపోవాలి. వేలకు వేలు పోగులు. ఆ పని మా ఇంట్లో అవ్వది. అవ్వకు చూపు మందగించినాక నాది. రత్న అతికితే పోగులు ఊడిపోయేవి. అది కావాలనే అట్లా అతికేదని ఇప్పటికీ నాకు అనుమానం. చిన్నాయన నా తల మీద చెయ్యి పెట్టి, "పాపా, నువ్వు లేకుంటే ఈ పడుగు మగ్గం ఎక్కదు. ఈ తూరికి రత్న వస్తాది. మళ్ళీ తూరి నిన్నే పిల్చకపోతా" అన్నాడు. చిన్నాయన, చిన్నమ్మ, రత్న బస్సెక్కినారు. రత్న కిటికీలోంచి చెయ్యి ఊపింది. నేను ఊపలేదు.

వాళ్ళు లేని ఆ రోజులు నాకు అవ్వతోనే గడిచినాయి. అవ్వ పొద్దున్నే ఆకూ వక్కా నోట్లో వేసుకొని, కుంపట్లో బూడిద జల్లించి చిన్న మూకుట్లో పోసి నా ముందు పెట్టేది. నేను పోగులు అతుకుతూ, ఈపాటికి అది సిటీ బస్సెక్కి ఉంటుంది, ఈపాటికి ఏనుగును చూస్తా ఉంటుంది అనుకొని కళ్ళనీళ్ళు పెట్టుకునేదాన్ని. అవ్వకు చూపు లేకున్నా పోగు ఊడిన సంగతి తెలిసిపోయేది. "ఏడిస్తే బూడిద తడుస్తాదే. తడిస్తే పోగు నిలవదు. పో, పెరట్లోకి పోయి బాగా ఏడ్సుకొని రా. ఏడ్సినాక కూర్చో" అనేది. పోయి ఏడ్చి వచ్చేదాన్ని. బోద గడ్డిలో మాగేసిన బనగానపల్లె మామిడిపండ్లు ఉండేవి ఆమె దగ్గర. అన్నిట్లోకీ పెద్దది తీసి, ఎవరూ లేకుండా చూసి నా ఒళ్ళో వేసేది. తన చిన్నప్పటి కథలూ చెప్పినట్టుంది. ఏం చెప్పిందో ఒక్క ముక్క గుర్తులేదు. ఆ పండు రుచి కూడా గుర్తులేదు. కుళ్ళుతో తింటే ఏం రుచి తెలుస్తుంది?

రత్న వచ్చింది, రెండు చేతులకూ అద్దాలు పొదిగిన లక్క గాజులతో. ఇంక మొదలైంది చూడండి. కొళాయి దగ్గర, బళ్ళో, రాట్నం దగ్గర, రాత్రి పక్కల మీద కూడా అదే ముచ్చట. చార్మినార్ కింద నిలబడి తలెత్తి చూస్తే మెడ నొప్పి పుట్టిందట. పావురాలు తుర్రున లేస్తే ఆకాశమే కనపడలేదట. జూలో పులి దీన్నే చూసి ఆవులించిందట! బళ్ళో పంతులమ్మ చూసిన ఊరి గురించి రాయమంటే, రత్న రాసింది తరగతంతటికీ చదివి వినిపించింది. మగ్గాల ఊరు, మేనమామ ఊరు తప్ప ఇంకేదీ చూడని నేను ఆ మేనమామ ఊరి గురించే రాసినాను. చిన్నాయనను అడిగితే "పోయినందుకు మంచే జరిగిందిలే పాపా" అని మాట మార్చేవాడు. చిన్నమ్మకు ఎప్పుడూ మాటలు తక్కువ, నవ్వి ఊరుకునేది. ఆయన చెప్పిన ఆ మళ్ళీ తూరి ఎప్పటికీ రాలేదు. మగ్గాలకు గిరాకీ పడిపోయింది. చిన్నాయన మంగంపేట ముగ్గురాయి గనుల్లో పనికి పోయినాడు. ఒక మగ్గం విప్పేసినారు. గుంత పూడ్చేసి దాని మీద బియ్యం బానలు పెట్టుకున్నారు.

నేను చదువుకొని టీచరునైనాను, కర్నూల్లో స్థిరపడినాను. ట్రైనింగులకని, ఆస్పత్రులకని, పెళ్ళిళ్ళకని హైదరాబాదు ఎన్నిసార్లు పోయొచ్చినానో లెక్కే లేదు. అయినా ఏ పెళ్ళిలో కలిసినా ఆకులు వేసి కూర్చున్నామో లేదో, "మేము హైదరాబాదు పోయినప్పుడు..." అని రత్న మొదలుపెట్టేది.  నా హైదరాబాదులన్నీ కట్టగట్టి పెట్టినా దాని ఆ ఒక్క హైదరాబాదుకు సరితూగేవి కావు. అది మగ్గాల ఇంటికే కోడలుగా పోయింది, ఊరు దాటింది లేదు, నాకు జీతం ఉంది, పింఛను ఉంది, సొంత ఇల్లుంది. ఇవన్నీ నాకు నేనే చెప్పుకునేదాన్ని. కడుపు వినేది కాదు.

అందుకే మైత్రి ఊరి బయట హోటలు అనగానే, "రత్నవ్వను కూడా పిలుద్దాం" అన్నాను. మా అమ్మాయి వాణి నా మొహంలోకి అనుమానంగా చూసింది. నా మనసులో ఉన్నది ఒక్కటే. ఈసారి ట్రిప్పు నాది. రూము నేను చెప్పిన చోట, బస్సు నేను చెప్పిన వేళకు, చూపించేది నేను, చూసేది రత్న. వచ్చే పెళ్ళిలో అది "మా సుభద్రక్క తీసకపోయినప్పుడు..." అని మొదలుపెట్టాలి. ఫోన్ చేస్తే, "నేను చూసిందే కదక్కా, మీరు పోయి రాండి" అంది. చూసినావా, ఇప్పటికీ ఎంత పొగరో అనుకున్నాను. మరుసటి రోజు కోడి కూయకముందే అదే ఫోన్ చేసింది. "అక్కా, వస్తాలే" అని, ఇంకేమీ అనకుండా పెట్టేసింది.

కర్నూల్లో బస్సు దిగేటప్పటికి దాని చేతిలో ఒక గుడ్డసంచి, నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియరు. జొన్నరొట్టెలు, చెనిక్కాయల కారం, బొరుగులు. అచ్చం చిన్నాయన లెక్క. "టిఫిన్ హోటలోళ్ళే పెడతారమ్మే" అంటే, "పెట్టనీ, ఇది యాడికి పోతాది" అంది. హోటలు గదిలో తెల్లటి దుప్పటి మీద వెంటనే కూర్చోలేదు. అంచు పట్టుకొని వెలుతురుకు ఎత్తి చూసి, "మర మగ్గం గుడ్డ. పేక పలచన" అని తేల్చి, అప్పుడు కూర్చుంది. మైత్రి పగలబడి నవ్వింది. పొద్దున టిఫిన్ హాల్లో అన్నీ వరసగా పెట్టి ఎవరికి కావాల్సింది వాళ్ళు వడ్డించుకోమంటే, రత్న రెండే ఇడ్లీలు పెట్టుకొని ఎవరైనా అడుగుతారేమోనని చుట్టూ చూసింది. అంత జోరుగా హైదరాబాదు చెప్పిన మనిషి, గదిలోంచి కిందికి రావడానికి కూడా నా కొంగు పట్టుకొని నడుస్తోంది. నాకు ఎక్కడో సంతోషంగానే ఉండింది, దాచుకోవడమెందుకు?

మొదటిరోజు పిల్లల సరదాకు ఏవో పెద్ద పెద్ద అంగళ్ళు తిరిగినాం. చార్మినార్ రెండో రోజుకు పెట్టుకున్నాం. ఆ పొద్దున రత్న చీర కట్టింది, విప్పింది, మళ్ళీ కట్టింది. సంచిలోంచి గుడ్డలో చుట్టిన లక్క గాజులు తీసింది. అవే గాజులు. అద్దాలు సగం రాలిపోయినాయి. చేతికి ఎక్కవని తెలిసీ మళ్ళీ చుట్టి సంచిలో పెట్టుకుంది. మెట్రోలో ముసలివాళ్ళమని మాకు సీట్లు ఇచ్చినారు. వాణి, మైత్రి తలుపు దగ్గర నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. నాకు నోరు ఊరుకోలేదు. "రత్నా, చార్మినార్ పైకి మెట్లు ఎట్లుంటాయో దిగినాక మైత్రికి నువ్వే చెప్పల్ల. ఎక్కినానని చెప్పేదానివి కదా" అన్నాను.

"వెడల్పుగా ఉంటాయి. గుడి మెట్ల మాదిరి. ఇద్దరు పక్కపక్కనే ఎక్కొచ్చు" అంది.

ఆ మెట్లు నేను ఎక్కినాను. సుళ్ళు తిరుగుతూ పోతాయి, చీకటి, రెండు భుజాలూ గోడకు రాసుకుంటాయి. పరీక్షలో పక్కపిల్ల తప్పు రాసింది కనపడినట్టు అయింది నాకు. "ఒక్క మనిషి పట్టేదే కష్టమమ్మే ఆడ. ఇద్దరు పక్కపక్కన ఎట్ల ఎక్కినారు?" అన్నాను.

రత్న కిటికీలోంచి కిందున్న మిద్దెలను చూసింది.  తర్వాత నా వైపు తిరక్కుండానే, "అక్కా, నేను చూడల్యా" అంది.

"ఏంది చూడంది?"

"చార్మినారు చూడల్యా. జూ చూడల్యా. ఏమీ చూడల్యా."

 దానంతట అదే చెప్పుకుంటూ పోయింది, ఎవరిదో ముచ్చట చెబుతున్నట్టు. "పొద్దున్నే సిటీ బస్సుకని బయల్దేరినాము. లాడ్జామె మూటలో ఏముండాదని అడిగె. మా నాయన ఒక చీర ఇప్పి చూపిచ్చె. అంతేనక్కా. ఆమె పోయి కాలనీలో ఆడోళ్ళందరినీ పిల్చకొచ్చె. లాడ్జి వరండాలో చాప పరిచి బేరం పెట్టె. గిరాకీ వాకిట్లోకి వచ్చినప్పుడు లేచి పోతే లక్ష్మి అలుగుతాది, రేపు పోదాం పాపా అనె. రేపు గూడా అట్లే వచ్చిరి. మూట ఖాళీ అయ్యేటప్పటికి మన బస్సు టయిమాయె. నేను మడతలు పెడ్తా కూర్చొంటి. ఎదురుగా గోడకు చార్మినారు క్యాలెండరు ఉండె, దాన్నే చూస్తాంటి. జూ సంగతులు కాలనీ పిల్లోళ్ళు చెప్పిరి. గాజులు ఆడికే ఒకామె గంపలో తెచ్చె."

"అయితే నేను ఇన్నేండ్లు దేనికమ్మే కుళ్ళుకునింది?" అని గట్టిగానే అరిచినాను. ఎదురు సీట్లో ఆయన చెవుల్లోంచి ఏదో తీసి చూసినాడు. నాకు సిగ్గెక్కడిది అప్పుడు? ఒళ్ళు మండిపోతోంది. ఒక క్యాలెండరును చూసి ఏడ్చినానా నేను! పోగులు తడిపినానా! అవ్వ పెట్టిన పండు మట్టిలా నమిలినానా!

రత్న ఇప్పుడు నా వైపు తిరిగింది. దాని కళ్ళలో నిజంగానే ఆశ్చర్యం. "నువ్వు కుళ్ళుకున్యావా? నామీదనా? కుళ్ళుకునింది నేను కదక్కా. మా నాయన ఇప్పిన ప్రతి చీరకూ ఒకే మాట. ఇది మా సుభద్ర అతికిన పడుగమ్మా, లాగి చూడండి, పోగు కదలదు. వచ్చినోళ్ళందరికీ అదే. వాళ్ళు లాగి చూస్తారు, నీ పేరు అడుగుతారు. పక్కనే కూర్చొని మడతలు పెడ్తాండే కూతురు ఉండాదని ఒక్కరికన్నా చెప్పల్యా. ఇంటికొచ్చి ఏమి చెప్పుకోవల్ల నేను? నీ చేతిలో పనుండాది. నాకు చార్మినారన్నా ఉండద్దా?"

చిన్నాయన ఆ మాట నా ఎదురుగా ఎప్పుడూ అనలేదు. అనింటే ఎట్లా ఉండేదో తెలియదు. బహుశా పెరట్లోకి పోయి ఏడ్చే పని తప్పేది.

"సరేలే, చిన్నప్పుడు చెప్పినావు. ఇంత వయసొచ్చినా చెప్పాల్నా? ఎప్పుడో ఒకప్పుడు వచ్చి చూసుకోరాదా?" అన్నాను. నా గొంతులో ఇంకా కోపమే ఉంది.

"ఎవరు తీసకపోతారక్కా? పెండ్లయినాక మీ మరిది పోదామన్యాడు. మళ్ళీ ఆయనే, నువ్వు చూసినావు కదా, పిల్లోళ్ళను పిల్చకపోతాలే అన్యాడు. మొన్న కొడుకు కోడలు పోయినప్పుడూ అదే మాట. అమ్మ చూసింది కదా అని. చూడల్యా అని ఏ నోటితో చెప్పేది?" రత్న సంచిలో చెయ్యి పెట్టి గుడ్డలో ఉన్న గాజులను తడుముకుంది. "నువ్వు ఫోన్ చేసినప్పుడు గూడా రాకూడదనే అనుకున్యా. నీకు తెలిసిపోతాదని. మళ్ళీ అనుకున్యా, తెలిస్తే తెలిసిందిలే, చూసి సచ్చిపోతా అని."

మెట్రో దిగి ఆటో ఎక్కినాం. నాకు తిట్టాలనే ఉంది, మంచి మంచి తిట్లే నోటిదాకా వచ్చినాయి. ఆటో పత్తర్‌గట్టి రద్దీలో ఆగిపోతే దిగి నడిచినాం. గాజుల అంగళ్ళు, అత్తరు వాసన, కాల్చిన మొక్కజొన్న పొగ. రత్న నా మోచెయ్యి పట్టుకొని నడుస్తోంది. తల ఎత్తడం లేదు, నేల చూపులు చూస్తూ నడుస్తోంది. మైత్రి ముందు నడిచినదల్లా వెనక్కి తిరిగి, "రత్నవ్వా, నువ్వు వచ్చినప్పుడు కూడా ఇట్లే ఉండెనా?" అని అడిగింది.

రత్న పట్టు నా మోచేతి మీద బిగిసింది. ఒక్క మాట చాలు నాకు. ఇన్నేళ్ళ పెళ్ళి భోజనాలన్నిటికీ బదులు తీర్చుకోవచ్చు. "అప్పుడు ఇంత రద్దీ లేదులేమ్మా. చిన్నాయన చెప్పేవాడు" అన్నాను. మైత్రి సరేనని ఫోన్ ఎత్తుకొని ముందుకు పోయింది. రత్న నన్ను చూడలేదు, చెయ్యీ తియ్యలేదు.

చార్మినార్ కమాను కిందికి వచ్చినాక అది ఆగింది. మెల్లగా తల ఎత్తింది. ఎత్తుతూనే పోయింది, కొప్పు వీపుకు ఆనేదాకా. నోరు తెరుచుకుంది. అప్పుడే పావురాలు లేచినాయి. అది ఉలిక్కిపడి నా చెయ్యి వదిలేసి, రెండడుగులు నన్ను దాటి ముందుకు పోయింది. కళ్ళు తిప్పడం లేదు. కాసేపటికి, చూస్తూ చూస్తూనే, చెయ్యి వెనక్కి పోనిచ్చి మెడ పట్టుకుంది. నొప్పి పుట్టినట్టుంది, నిజంగానే.

నేను మొదటిసారి ఇక్కడికి వచ్చింది ట్రైనింగుకు వచ్చిన టీచర్ల గుంపుతో. ఒక కన్ను సంచి మీద, ఒక కన్ను బస్సు టైము మీద. ఎప్పుడు చూసినానో, ఏం చూసినానో. ఆ తర్వాత ఎన్నిసార్లు వచ్చినా చూసిందే కదా అని తల కూడా ఎత్తలేదు. వాణి పక్కకొచ్చి, "అమ్మా, ఏంటి, చార్మినార్ చూడకుండా రత్న చిన్నమ్మ మొహం చూస్తున్నావ్?" అంది.  బండ మీద బొగ్గుతో గీసిన దారంతా నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. అయినా ఏం లాభం? ఈ తూరి కూడా చార్మినార్ చూసింది రత్నే.